ఆర్యపల్లి ఒడ్డున మా తుపాకీ

ఎన్నికలు అయిపోయాయి, తుపాకీ ఠాణా నుంచి ఇంటికి తిరిగొచ్చింది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సున్న తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి కనుక మాదీ వెళ్ళి, నెలో రెండు నెలలో అక్కడ కూర్చుని వస్తుంది. ఈసారి తెచ్చింది మా మనవడు. పై ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, నిరుడే బరంపురం బ్యాంకుకి బదిలీ అయి నా దగ్గర ఉంటున్నాడు. ఊళ్ళోనే లంజిపల్లి పేటలో ఉన్న మా ఇంటి ముందు ఆటో దిగి, గోనెగుడ్డ మూటను భోజనాల బల్ల మీద పెట్టి విప్పాడు. భుజానికి ఆనించే మడమ చెక్క నిలువునా చీలి ఉంది. జంట గొట్టాల మీద తుప్పు పొక్కులు. మీట నొక్కగానే వాలి తూటాను కొట్టే ఇనపముక్కను గుర్రం అంటారు. రెండు గుర్రాల్లో ఒకటి వేలితో తాకితే చాలు, ఊడబోయే పాలపన్నులా ఊగుతోంది.

"అమ్మమ్మా, దారిలో తుపాకుల కొట్లో చూపించాను. గొట్టాలు మార్చి, చెక్క మార్చి, కొత్తదానిలా చెయ్యాలంటే వాళ్ళడిగే డబ్బుకి స్కూటరొస్తుంది. అంత పెట్టి ఏటి చేస్తాం? సర్కారుకి అప్పగించేద్దామా?" అన్నాడు.

లైసెన్సు నా పేరు మీద ఉంది గనక చెప్పవలసింది నేనే. రేపు చెబుతానన్నాను. నిజానికి నాకు రేపటిదాకా ఆలోచించాల్సిన పని లేదు. ఇదే తుపాకీ గురించి ఇదే ప్రశ్న మా ఇంట్లో ఒకసారి వచ్చింది. అప్పుడూ జవాబు చెప్పింది నేనే. అప్పుడు నాకు పదిహేనేళ్ళు.

ఒరిస్సా కొత్త రాష్ట్రమైన తొలినాళ్ళ మాట అది. మా ఎస్టేటు తాతగారి హయాంలోనే కోర్టుల్లో కరిగిపోయింది. గంజాం జిల్లా పల్లెలో ఏనుగు కట్టేసిన గుమ్మం వదిలి బరంపురంలో అయిదు గదుల ఇంటికి వచ్చేశాం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నగారు, ఆయన తల్లి అయిన మామ్మ, నేను, అంతే ఇల్లు. ఆ ఇంట్లో తాతగారి వాలుకుర్చీ ఒకటి ఉండేది కానీ అందులో వాలిన మనిషిని నేను చూడలేదు. నాన్నగారు దాని అంచున కూర్చునేవారు, వీపుకీ పేముకీ మధ్య జానెడు ఖాళీ వదిలి. నన్నూ అలాగే కూర్చోబెట్టారు. ఈ వయసులోనూ డాక్టరు నా వెన్ను చూసి మెచ్చుకుంటాడంటే ఆ జానెడు ఖాళీ చలవే.

తెల్లవారకముందే నూతి దగ్గర చేద చప్పుడుతో ఇల్లు లేచేది. నాన్నగారి పంచెలకు మామ్మ స్వయంగా గంజి పెట్టేది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకున్న వాసన, తడిబట్ట మీద ఆవిరి వాసన, ఆ వెంటనే దేవుడి గదిలోంచి కర్పూరం. అన్నీ అయ్యాక వీధి తలుపు తీసేవాళ్ళం. ఎండుచేపలు వేయించాలంటే మాత్రం వీధి తలుపు మూసి పెరటి తలుపు తీయాలి. మా ఇంటికి ముందు వీధిలో ఒక వాసన, వెనక వీధిలో ఒక వాసన ఉండేవి. రెండు వీధులవాళ్ళకీ రెండూ తెలుసునని మామ్మకూ తెలుసు. అయినా తలుపులు మాత్రం ఆ క్రమంలోనే తెరుచుకునేవి.

తుపాకీ హాల్లో దుప్పికొమ్ముల మీద ఉండేది. ముత్తాతగారు ఇంగ్లండు సీమ నుంచి తెప్పించినది. దాని మీద సర్వాధికారం మామ్మది. ప్రతి దసరాకీ దాన్ని దింపి, పసుపునీళ్ళతో కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టి, గొట్టాల్లో అక్షతలు వేసి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు గొట్టానికి ఇంత చొప్పున పోసేది. "ఏడాదంతా గోడకి ఏలాడుతోంది. దానికి మాత్రం దాహం ఉండదా?" అనేది. చివర గొట్టానికొక బంతిపువ్వు గుచ్చి మళ్ళీ కొమ్ముల మీద పెట్టించేది. బంతిపూలు మరుసటి దసరా దాకా అక్కడే ఎండి ఉండేవి.

పోయిన ఎస్టేటు తాలూకు మర్యాద ఒక్కటే మాకు మిగిలింది. ఆర్యపల్లి జాలర్లు సముద్రం శాంతించాక ఏడాదికి మొదటి వల వేసేముందు, మా ఇంటి తుపాకీ సముద్రం మీద ఒక్కసారి పేలాలి. అది పేలందే పడవ కదలదు. ముత్తాతగారి కాలం నుంచీ అదే వరస. ఎస్టేటు పోయినా వాళ్ళు పిలవడం మానలేదు, మేం వెళ్ళడం మానలేదు. మొదటి వలలో పడ్డ పెద్ద చేప మాకు పంపడమూ మానలేదు.

వెళ్ళడం మా గూడుబండిలోనే. ఎడ్ల పేర్లు రాజు, మంత్రి. మా రాజ్యంలో అప్పటికి మిగిలిన రాజూ మంత్రీ అవే అని నాన్నగారు నవ్వకుండా అనేవారు. ముందురోజు ఛత్రపురంలో తెలిసినవాళ్ళింట్లో ఆగి, పొద్దున్నే ఆర్యపల్లి చేరేవాళ్ళం. ఇసకలోకి బండి దిగేసరికి ఎండుతున్న చేపల వాసన, వలలు చివికిపోకుండా పట్టించిన చెట్టుబెరడు కషాయం వాసన కలిసి ఎదురొచ్చేవి. డప్పులు మోగుతుండేవి. నాన్నగారు కోటూ తలపాగాతో పడవ ముక్కు పక్కన నిలబడి, తుపాకీ ఎత్తి, సముద్రం వైపు గురిపెట్టేవారు. ఢాం! ఒడ్డంతా పీతలు బొరియల్లో దూరేవి, కాకులు లేచేవి, జనం "గంగమ్మ తల్లీ!" అని అరిచేవారు. పడవ నీళ్ళలోకి జారేది. ఆ ఒక్క క్షణం కోసం మిగతా ఏడాదంతా గంజి పెట్టిన పంచెల్లో బతికామనిపించేది.

పదిహేనో ఏట నేను బండిలో కూర్చోనని మొండికేసి నాన్నగారి వెనకే వెళ్ళి నిలబడ్డాను. ఆయన తుపాకీ ఎత్తారు. ఢాం అంది. కానీ గొట్టంలోంచి పొగ రాలేదు. పడవ వెనకనుంచి వచ్చింది. వంగి చూశాను. జాలర్ల పెద్ద ఎర్రయ్య అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదుట ఒక బండరాయి, దాని మీద పడవ లంగరురాయి, రెండింటి మధ్య నలిగి మాడిన తాటాకు పొట్లం. దీపావళికి రాయి కింద పెట్టి పేల్చే మందు పొట్లం లాంటిదే, కాస్త పెద్దది. ఎర్రయ్య నన్ను చూసి, మసి చేత్తోనే దణ్ణం పెట్టాడు.

తిరుగుదారిలో బండి ఛత్రపురం దాటింది. ఆ తర్వాత, "నాన్నగారూ, మన తుపాకీ పేలలేదు" అన్నాను.

"చూశావన్నమాట."

"ఎన్నేళ్ళయింది?"

"పదకొండు."

"ఊరందరికీ తెలుసా?"

"నీకూ మామ్మకూ తప్ప."

"మరి మీరెందుకు ఎత్తుతున్నారు?"

"పిలుస్తున్నారు గనక."

మొన్ననే లైసెన్సు కోసం వెళ్ళినప్పటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మద్రాసు నుంచి కాగితాలన్నీ కొత్త రాజధాని కటకం చేతికి వచ్చిన రోజులవి. కొత్తగా వచ్చిన గుమాస్తా ఒడియాలో "బందుకొ చాలుచి?" అని అడిగితే, ఆఫీసుల్లో తెలుగూ ఇంగ్లీషూ తప్ప మాట్లాడని నాన్నగారు "చాలుచి" అన్నారు. పనిచేస్తోంది అని. ఆయన ఒడియా మాట్లాడారని నేను ఇంటికొచ్చి మామ్మకు గొప్పగా చెప్పాను కూడా.

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాకు మిగిలిన ఒక్క మర్యాదా ఒక తాటాకు పొట్లమా? "బాగుచేయించండి. మనది మనమే పేల్చాలి" అన్నాను. బండి గుమ్మం ముందు ఆగాక నాన్నగారు, "రేపు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తాను. నువ్వూ రా. నా తరవాత ఇది నీదే కదా" అన్నారు.

మేస్త్రీ పేరు మహారణా. ఒడియా మనిషి, బరంపురంలో తాళాల నుంచి తుపాకుల దాకా అన్నీ బాగుచేసేవాడు. నాన్నగారిని 'ఆజ్ఞా' అని ఒడియా మర్యాదతో పిలిచి, మిగతాదంతా తెలుగులో మాట్లాడేవాడు. గొట్టాలు విడదీసి, పొడుగాటి ఇనపచువ్వ దూర్చి లాగాడు. ముందు బంతిపూల పొడి రాలింది. తర్వాత బియ్యపుగింజలు, పసుపు ముద్దలై. ఆ తర్వాత ఎర్రగా రాయిలా గట్టిపడ్డ ముక్క ఒకటి ఊడి ఠంగుమని పళ్ళెంలో పడింది. కుంకుమో తుప్పో చెప్పలేం. రెండూ కలిసే ఉంటాయి. మహారణా దాన్ని వాసన చూసి కళ్ళకద్దుకున్నాడు.

"ఆజ్ఞా, దీంట్లో తూటా ఎప్పుడు పెట్టారో నాకు తెలీదు గానీ, నైవేద్యం మాత్రం ఏ ఏడూ తప్పలేదు."

నాన్నగారి మీసం కదిలింది. అంతే. గొట్టాలు లోపలంతా తినేశాయని, తూటా పెడితే చేతిలోనే పగులుతాయని, కొత్తవి కలకత్తా నుంచి రావాలని మహారణా చెప్పాడు. ఎంతవుతుందో చెప్పాడు. బేరమాడడం మా ఇంట్లో లేదు. నాన్నగారు "ఆలోచించి చెబుతాను" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకు లేదు అని అర్థం. కానీ ఆ రోజు ఇంటికొచ్చి, బండి దిగకుండానే ఎడ్ల వైపు కాసేపు చూశారు.

"రాజునీ మంత్రినీ బండితో సహా ఇచ్చేస్తే సరిపోతుంది."

"మరి ఆర్యపల్లికి ఎలా వెళ్తాం?"

"నడుద్దాం. పేలే తుపాకీ భుజాన ఉంటే నడిచి వెళ్ళచ్చు."

నాకు గర్వంగానే ఉంది. ఆయన వెనక తల ఎత్తుకుని ఛత్రపురం బాటన నడుస్తున్నట్టు ఊహించుకున్నాను. మామ్మ మాత్రం ఒప్పుకోలేదు. ముందుగా, తన పూజల వల్లే తుపాకీ పాడైందని విని రవ్వంతైనా చలించలేదు. "అయితే ఏటి? ఆ పూజలే లేకపోతే ఎప్పుడో పేలి ఎవరి ప్రాణమో తీసేది" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "తుపాకీ పట్టుకుని నడిచెళ్ళేవాడిని వేటగాడంటారు నాయనా. బండిలో వెళ్ళేవాడిని తుపాకీ లేకపోయినా బాబుగారంటారు. ఏది కావాలో తేల్చుకో" అంది. నాన్నగారు నా వైపు చూశారు. "తుపాకీయే" అన్నాను నేను.

రెండు రోజులకు ఎడ్లను చూడడానికి ఒకాయన వచ్చాడు. పెరట్లో రాజు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడుతుండగా ఎర్రయ్య భార్య పోలమ్మ చేపల బుట్టతో వచ్చింది. ఆ పళ్ళ లెక్క చూసి, మామ్మ దగ్గర కూర్చుని సంగతంతా రాబట్టింది. వచ్చిన పని మరిచిపోయి బుట్టతోనే వెళ్ళిపోయింది. మర్నాడు మొగుడిని వెంటపెట్టుకుని వచ్చింది.

ఎర్రయ్య మెట్టు మీద కూర్చుని తలగుడ్డ విప్పి మోకాలి మీద వేసుకున్నాడు. నాన్నగారు లోపల కుర్చీ అంచున ఉన్నారు.

"బాబుగారితో కాదు, అమ్మాయిగారితో ఓ మాట సెప్పుకోవాల" అన్నాడు. నేను గుమ్మంలోకి వచ్చాను. "తుపాకీ బాగుసేయించకండమ్మా."

"ఎందుకు? మోసం బయటపడుతుందనా?"

పోలమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! మోసమంట, ఇన్నావా మావా? పదకొండేల్ల బట్టి తలారా తానం సేసి, మంచినీల్లు ముట్టకుండా ఆ పొట్లం సుడతన్నాను నేను. మా యింటి ఆడోల్లు తప్ప ఇంకోల్లు సెయ్యి ఎయ్యకూడదని ఊరు కట్టడి సేసింది. ఈవిడగారికి మోసమంట!"

"నువ్వుండే" అన్నాడు ఎర్రయ్య. "అమ్మాయిగారూ, ఆ ఏడు తూటా తుస్సుమంది. డప్పులాగిపోనాయి. బాబుగారు తుపాకీ దించలేదు, అలాగే నిలబడిపోనారు. ఆ మొకం నేను సూడలేకపోనాను. దీపావలికని పడవలో దాసిన పొట్లం ఉంటే రాయి కింద పెట్టి దించేశాను. ఆ ఏడు వలలు సిరిగేటట్టు పడ్డాది సేప. మరింకేటి? అదే వరసైపోనాది."

"అయితే మీ పొట్లమే పేల్చుకోండి. నాన్నగారు ఎత్తడం ఎందుకు?"

ఎర్రయ్య నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశాడు. "బాబుగారు ఎత్తకుండా నేను రాయి దించితే అది దీపావలి అవుతాదమ్మా. దీపావలికి ఎవుడైనా వల ఏస్తాడా?"

పోలమ్మ అందుకుంది. "ఎడ్లమ్మేసి మీరు నడిసొస్తే సుట్టుపక్కల ఊల్లోల్లు మమ్మల్నేటంటారు? ఆర్యపల్లోల్లకి బాబుగారిని బండిలో తెచ్చుకోడానికి గతిలేదంటారు. మీ మరియాద మీది. మా మరియాద మాకుండదేటి?"

"అసలు కష్టం అది కాదే" అన్నాడు ఎర్రయ్య, గొంతు తగ్గించి. "ఆ గుర్రం ఇప్పుడు సప్పుడు సెయ్యదు. బాబుగారు ఎప్పుడు నొక్కుతారో తెలక, పడవ కిందనుంచి మెడ సాసి సూడాల. మూడేల్ల కిందట బాబుగారు తుమ్మితే భుజం ఎగిరింది. నొక్కేశారనుకొని దించేశాను. అప్పటికి తుపాకీ ఇంకా కిందికే ఉంది."

లోపలి నుంచి నాన్నగారి గొంతు వినిపించింది. "ఆ తుమ్ముకి కూడా చేపలు బాగానే పడ్డాయి, ఎర్రయ్యా."

మామ్మ పక్కున నవ్వింది. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నవ్వకూడదనుకుని కొంతసేపు నిలబడ్డాను. తర్వాత ఆ పని నా వల్ల కాలేదు.

నాన్నగారు బయటికొచ్చారు. "తుపాకీ నీదన్నాను. నువ్వే చెప్పు" అన్నారు.

పెరట్లో రాజు గడ్డి నములుతూ మెడ గంటలు ఆడిస్తోంది. పదకొండేళ్ళు ఒక ఊరు ఊరంతా ఒక మనిషి భుజం వైపే చూస్తూ, ఆయన తల వంగకుండా కాపాడుకుంది. ఒక ఆడమనిషి మంచినీళ్ళు ముట్టకుండా పొట్లం చుట్టింది. అది నాకు నాలుగు రోజులుగా అవమానంగా కనిపించింది. మర్యాదంటే మనం దుప్పికొమ్ముల మీద దాచుకునేది అనుకున్నాను. సగం ఆర్యపల్లిలో తాటాకులో చుట్టి ఉందని నాకు తెలియదు.

"టక్ మని చప్పుడొస్తే చాలా?" అని ఎర్రయ్యని అడిగాను.

"అదే సాలు తల్లీ. అలల్లో కూడా ఇనబడాల, అంతే."

మర్నాడు మహారణా నా మాట విని తుపాకీని, నన్ను, మళ్ళీ తుపాకీని చూశాడు. "గొట్టాలు ముట్టుకోకుండా గుర్రాలు మాత్రం బాగుచెయ్యాలా? పేలని తుపాకీకి స్ప్రింగెందుకమ్మా?"

"చప్పుడు గట్టిగా రావాలి" అన్నాను వీపు నిటారుగా పెట్టి.

విరిగిన రంపపు బిళ్ళను కాల్చి, వంచి, సాన పట్టి స్ప్రింగులు చేశాడు. కావాలని కాస్త బిరుసుగా చేశాడు. వాటికి ఎడ్లు అమ్మాల్సిన అవసరం రాలేదు. మామ్మ ఆ ఏడు దసరాకి గుర్రాలకు విడిగా రెండు బొట్లు పెట్టింది.

తర్వాతి ఏడు ఆర్యపల్లి ఒడ్డున నేను నాన్నగారి వెనకే, తుపాకీ గుర్రాల మీద కళ్ళు పెట్టి నిలబడ్డాను. నాన్నగారు తుపాకీ ఎత్తారు. డప్పులు ఆగాయి. అల వెనక్కి తగ్గింది. టక్, ఢాం! రెండింటి మధ్య వెంట్రుక కూడా పట్టదు. జనం అరిచిన అరుపుకి ఎడ్లు బెదిరాయి. పడవ వెనకనుంచి ఎర్రయ్య లేచి, మసి మొహంతో, "అబ్బ, ఇనబడ్డాది బాబూ!" అని ఊరంతా వినేలా అరిచాడు. అందరికీ తెలిసీ ఇన్నేళ్ళూ ఎవరూ పైకి అనని గుట్టు అలా ఒక్క కేకతో పోయింది. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. నాన్నగారు తుపాకీ దించి అతని వైపు తిరిగి, "ఈసారి తుమ్మలేదు" అన్నారు. ఆ రోజు తిరుగుదారిలో, ఒళ్ళో పెద్ద చేప బుట్టతో, ఆయన బండి గూటి వెదురుకి వీపు ఆనించి కూర్చున్నారు. అలా కూర్చోగలరని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఎత్తడం నా వంతుకొచ్చింది. ఆడమనిషి ఎత్తొచ్చా అని ఊళ్ళో ఎవరో అంటే, పొట్లం చుట్టేది ఎవరని పోలమ్మ అడిగిందట. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, జుట్టు నెరిశాక కూడా ఎత్తాను. బండి పోయి బస్సు, బస్సు పోయి కారు వచ్చాయి. పడవలు చెక్క నుంచి ఫైబరుకి మారి ఇంజన్లు పెట్టుకున్నాయి. వలలకు కషాయం పట్టించే పని పోయింది, ఆ వాసనా పోయింది. నన్నడిగితే అప్పటికీ ఇప్పటికీ తేడా ఆ వాసనంత. ఎర్రయ్య కుటుంబంలో మగవాళ్ళు చాలామంది చెన్నై రేవుల్లో పనికి వెళ్ళిపోయారు. ఇప్పుడు పొట్లం చుట్టేదీ, రాయి దించేదీ కూడా అతని మనవరాలు నూకాలే. మోకాలు మొరాయించి నేను వెళ్ళక మూడేళ్ళయింది. కిందటేడు నూకాలు ఫోన్ చేసి, "అమ్మగారూ, మీరు రాకుండా రాయి దించితే దీపావలిలా ఉంటంది" అంది. తాత మాటే. ఆ మాట తన తాతదని ఆ పిల్లకు తెలుసో లేదో.

మనవడికి ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. పొద్దున్నే తుపాకీ తీసుకుని కొట్టుకి బయలుదేరాడు. "ఒక్క గుర్రాలు మాత్రమే. గొట్టాలు ముట్టుకోవద్దని చెప్పు. స్ప్రింగు బిరుసుగా ఉండాలి" అన్నాను. వారానికి తెచ్చాడు. పేలని తుపాకీకి ఇదెందుకని కొట్లో కుర్రాడూ అడిగాడట. మహారణాకి వారసులు ఎక్కడికీ పోలేదని సంతోషించాను.

నూకాలుకి ఫోన్ కలిపి, బల్ల మీద పెట్టి, స్పీకరు వెయ్యమని మనవడికి చెప్పాను. "ఈ ఏడు మా మనవడు వస్తాడే. నీకు వినబడుతుందో లేదో చూసుకో" అన్నాను. అవతల అలల హోరు, ఎవరో పిల్లలు అరుస్తున్నారు. "ఉండండి అమ్మగారూ. ఒరే, నోరు ముయ్యండిరా, అమ్మగారి తుపాకీ!" అని కసిరింది. హోరు తప్ప ఏమీ లేదు. మనవడిని నిటారుగా నిలబడమన్నాను. మడమ భుజానికి ఆనించి, కిటికీలోంచి లంజిపల్లి ఆకాశం వైపు గురిపెట్టి, మీట నొక్కాడు.

టక్.

"ఢాం!" అంది నూకాలు.